ఆ మాట కాగితం మీద పడాలి: అట్రాసిటీ కేసు పెట్టేవారికి ఒక వకీలు గుమాస్తా చెప్పే సంగతులు

ప్లాస్టిక్ కవరులోంచి ఆమె తీసిన కాగితం నాలుగు మడతలు పడి ఉంది. నీలం ఇంకు, పైన ఎడమ పక్క పసుపు మరక. "గ్రామ కాపురస్తురాలైన నేను తమరికి విన్నవించుకొనునది ఏమనగా" అని మొదలైంది. ఐదో పంక్తిలో అసలు సంగతి: "నన్ను కులం పేరుతో దూషించి, అవమానపరిచి, దౌర్జన్యం చేసినారు. కావున తమరు దయతో తగు చర్య తీసుకొని న్యాయం చేయగలరు." అంతే. కింద సంతకం, పలక మీద దిద్దినట్లు ఒక్కో అక్షరం విడివిడిగా.

"ఏ మాట అన్నారమ్మా?" అని అడిగాను.

ఆమె తల దించుకుంది. పక్కనున్న కొడుకు కిటికీ వైపు చూశాడు. "అదేనండీ, ఆ మాటే" అంది.

నేను వకీలును కాను, వకీలు గుమాస్తాను. కోస్తాలోని ఒక జిల్లా కోర్టులో 27 ఏళ్లుగా ఫైళ్లు మోస్తున్నాను. ఊరి పేరు చెప్పను, నేను చెప్పబోయే కేసు ఇంకా నడుస్తోంది. మా వకీలు గారు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద బాధితుల తరఫున పనిచేస్తారు. జనం వాటిని అట్రాసిటీ కేసులంటారు, నేనూ అలాగే అంటాను. ఆయన వాదన చూసుకుంటే నేను కాగితం చూసుకుంటాను. ఈ కేసులు చాలావరకు వాదన దగ్గర పోవు, మొదటి కాగితం దగ్గరే పోతాయి. అందులో లేని మాటను రెండేళ్ల తర్వాత బోనులో చెబితే "ఇది తర్వాత కల్పించుకున్నది" అని అవతలి వకీలు లేస్తాడు. లేవడం ఆయన పని.

కొడుకును టీ తెమ్మని బయటికి పంపాను. అప్పుడు చెప్పింది. చెప్పింది చెప్పినట్లు కొటేషన్ గుర్తుల మధ్య రాసుకున్నాను. ఇక్కడ ఆ మాట రాయను, ఇది కోర్టు కాదు. మీరు మాత్రం అర్జీలో చుక్కలు పెట్టకండి, "రాయరాని మాటలు" అనకండి. దూషించారన్నది మీరు తేల్చిన విషయం, తేల్చవలసింది జడ్జి. ఆయనకు కావలసింది నోట్లోంచి వచ్చిన మాట. మన చేత్తో ఆ మాట రాయడం రెండోసారి తిట్టించుకున్నట్లే ఉంటుంది, తెలుసు. అయినా రాయాలి.

ముందు మీ గుమ్మం ఏదో చూసుకోండి

వివక్ష అనగానే అందరూ ఒకే గుమ్మం ఎక్కనక్కరలేదు. పనిచేసే చోట లైంగిక వేధింపులైతే 2013 నాటి చట్టం ప్రకారం అక్కడి అంతర్గత కమిటీకి మూడు నెలల్లోపు రాయాలి. పోలీసులు కొట్టారు, ప్రభుత్వ వసతిగృహంలో పిల్లలను హింసించారు వంటివైతే మానవ హక్కుల కమిషన్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు కర్నూలులో, తెలంగాణకు హైదరాబాదులో. ఫీజు లేదు, స్టాంపు అక్కరలేదు, తెల్ల కాగితం చాలు. అయితే ఘటన జరిగిన ఏడాది లోపే వెళ్లాలి, అదే విషయం కోర్టులో నడుస్తుంటే సాధారణంగా తీసుకోరు. పైగా కమిషన్ సిఫారసు చేస్తుంది తప్ప శిక్ష వేయదు. ఏదైనా ప్రభుత్వ కార్యాలయం మీ రాజ్యాంగ హక్కును కాలరాస్తే 226 అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు.

మనిషి మనిషిని కులం పేరుతో తొక్కితే దారి వేరు. 1989లో చేసి 1990 జనవరి 30 నుంచి అమలులోకి తెచ్చిన అట్రాసిటీ చట్టం అందుకే ఉంది. ఇది క్రిమినల్ కేసు. నడిపేది ప్రభుత్వం, మీరు సాక్షి. నాకు తెలిసింది ఈ దారి కాబట్టి మిగతావి ఇక్కడితో వదిలేస్తాను.

అర్జీ ఎలా రాయాలి

ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. జూన్‌లో బడి తెరిచిన రెండో వారం, ఉదయం తొమ్మిదిన్నరకు పొయ్యి ముట్టించింది. ఇద్దరు మగవాళ్లు వచ్చి, "మా పిల్లలు నీ చేతి కూడు తినాలా" అని ఆ మాట అని, కడిగి పెట్టిన బియ్యం గిన్నెను తన్నారు. మొదటి అర్జీలో ఇందులో ఒక్కటీ లేదు. బియ్యం లేవు, పొయ్యి లేదు, బడి కూడా లేదు.

నేను మళ్లీ రాసినప్పుడు తేదీ, వారం, వేళ పెట్టాను. ఇద్దరి పేర్లు, తండ్రుల పేర్లు, కులాలు పెట్టాను. అవతలివారు ఎస్సీ, ఎస్టీలు కాదని కాగితం మీద ఉండాలి. వాళ్లూ ఎస్సీలో, ఎస్టీలో అయితే ఈ చట్టం వర్తించదు. ఆమె కులం వాళ్లకు ఎలా తెలుసో రాశాను: ఒకే ఊరు, ఆమె అత్త వాళ్ల పొలంలో నాట్లు వేసేది. నిందితుడికి బాధితుల కుటుంబంతో పరిచయం ఉంటే కులం తెలిసినట్లే కోర్టు భావిస్తుందని ఎనిమిదో సెక్షన్ చెబుతోంది. ఆ పరిచయం ఏమిటో చెప్పే భారం మాత్రం మనదే.

ఆ తర్వాత గోడ సంగతి. నవ్వకండి, ఈ కేసంతా ఆ గోడ మీదే నిలబడింది.

కులం పేరుతో తిట్టడం, అవమానించడం సెక్షన్ 3(1)(ఎస్), 3(1)(ఆర్) కిందికి రావాలంటే అది జనం చూసే, వినే చోట జరగాలి. సొంత స్థలమా, ప్రభుత్వ స్థలమా అన్నది కాదు ప్రశ్న. ఇంటి ముందు ఖాళీ జాగా సొంతదే అయినా రోడ్డు మీద వాళ్లకు కనబడుతుంటే అది జనం ఎదుటే అని 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నాలుగు గోడల మధ్య, బయటివారు ఎవరూ లేనప్పుడు జరిగితే వర్తించదని 2020లో హితేశ్ వర్మ కేసులో అంది. 2025 జనవరిలో తమిళనాడు కేసు ఒకటి ఇలాగే పోయింది. ఆఫీసు గదిలో తిట్టారన్నారు, ఆ సమయానికి గదిలో మూడో మనిషి లేడు. ఫోనులో మీ ఇద్దరి మధ్యే నడిచిన తిట్టుకూ ఇదే చిక్కు.

అందుకే ఆమెను అడిగాను: "పొయ్యి ఎక్కడమ్మా? షెడ్డులోనా, బయటా?" బయటే, వరండా పక్కన. "బడికి ప్రహరీ ఉందా?" ఉంది. "ఎంత ఎత్తు?" ఆమె చెయ్యి మోకాలి దగ్గర పెట్టింది. సగం కట్టి నిధులు లేక వదిలేశారట. గోడ అవతల రోడ్డు, రోడ్డు అవతల కిరాణా కొట్టు. కొట్టు మెట్ల మీద ఆ వేళ ఎవరున్నారు, వరండాలో ఏ టీచరు ఉన్నారు, బియ్యం కడిగిన సహాయకురాలు ఎక్కడ నిలబడింది, అన్నీ రాశాను. సాక్షుల్లో మీ చుట్టాలు కాని మనిషి ఒక్కరైనా ఉండేలా గుర్తు తెచ్చుకోండి. చుట్టాలు చెబితే చెల్లదని కాదు, బయటి మనిషి చెబితే బరువు ఎక్కువ.

హితేశ్ వర్మ తీర్పులో ఇంకో ముల్లు ఉంది. అది భూమి తగాదా. బాధితులు ఎస్సీ అయినంత మాత్రాన ప్రతి తగాదా అట్రాసిటీ కాదనీ, ఆ కులం వారైనందుకే అవమానించాలన్న ఉద్దేశం కనబడాలనీ కోర్టు అంది. కాబట్టి మీకూ వాళ్లకూ గట్టు తగాదానో, బాకీనో ఉంటే దాచకండి. ముందు మీరే రాయండి: "మాకు ఫలానా తగాదా ఉంది, అయినా ఆ రోజు వాళ్లు అన్నది మాత్రం ఈ మాట." మీరు దాచింది వాళ్లు బయటపెడితే మిగతా నిజాలకూ మసి అంటుతుంది. వంట పని తమ మనిషికి ఇప్పించుకోవాలని వాళ్లు అంతకు ముందు ప్రయత్నించారని ఆమె చెప్పింది. అదీ అర్జీలోకి ఎక్కించాను. మా వకీలు గారు చదివి తల ఊపారు, ఆయన మెచ్చుకోలు అంతవరకే.

సెక్షన్లు మాత్రం మీరు రాయకండి. ఊళ్లో నాలుగు కేసులు చూసినవాడు ఒకడుంటాడు, అన్ని సెక్షన్లూ వేయించేస్తాడు. జరిగింది రాయడం మీ పని, సెక్షన్ పెట్టడం పోలీసుల పని. ఎఫ్‌ఐఆర్ చేతికి వచ్చాక అందులో ఏవి వేశారో వకీలుకు చూపించండి. జరగని దెబ్బను కలపమని సలహా ఇచ్చేవాళ్లూ వస్తారు. డాక్టరు సర్టిఫికెట్ లేని ఆ దెబ్బే క్రాస్‌లో, అంటే అవతలి వకీలు మిమ్మల్ని ప్రశ్నించేటప్పుడు, మీ నెత్తిన పడుతుంది.

కుల ధ్రువీకరణ పత్రం దగ్గర లేకపోతే వెంటనే దరఖాస్తు పెట్టండి. అది లేదని ఎఫ్‌ఐఆర్ ఆపకూడదు గాని, చార్జిషీటు నాటికి కావాలి. మన రెండు రాష్ట్రాల్లో ఇక్కడ మరో చిక్కు ఉంది: కాగితాల్లో ఎస్సీ, ఆదివారం చర్చి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే. ఒక పాస్టరు ఫిర్యాదుతో నమోదైన అట్రాసిటీ కేసును 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ కారణం మీదే కొట్టేసింది. ఎస్టీలకు ఈ మతం షరతు లేదు. మీ పరిస్థితి ఏదైనా మీ వకీలుకు మొదటి రోజే ఉన్నది ఉన్నట్లు చెప్పండి. ఈ నిబంధన న్యాయమా కాదా అని నన్నడిగితే నా జవాబు వేరే ఉంది, దానికి ఇది చోటు కాదు.

స్టేషనులో

ఆమె మొదటి అర్జీని అదే రోజు సాయంత్రం స్టేషనుకు తీసుకెళ్లింది. తీసుకోలేదు. "ఊళ్లో మాట్లాడుకోండి, రేపు రండి" అన్నారు. ఆ "రేపు" పదకొండు రోజులు సాగింది. ఆలస్యం తప్పు కాదు, చెప్పని ఆలస్యమే తప్పు. రెండో అర్జీలో ఏ రోజు ఎవరి దగ్గరికి వెళ్లిందో, పెద్దలు ఎక్కడ కూర్చోబెట్టారో, ఏమన్నారో తేదీలతో ఒక పేరా రాశాను. తర్వాత కోర్టులో ఆ పేరానే ఆమెను కాపాడింది.

చట్టం కింద చేసిన 1995 నాటి నియమాల్లో ఐదోది చదివి వినిపించదగ్గది. మీరు నోటితో చెప్పినా పోలీసులు రాసుకోవాలి, మీకు చదివి వినిపించాలి, అప్పుడే సంతకం తీసుకోవాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే అదే విషయాన్ని రాసి ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. మేము చేసింది అదే. రిజిస్టర్డ్ పోస్టు, అక్నాలెడ్జిమెంటు కార్డుతో. కార్డు తిరిగి వచ్చాక ఫైలులో పిన్ను కొట్టాను. చిన్న పచ్చ అట్టముక్క, దానికి నేను పసిపిల్లకిచ్చినంత కాపలా ఇస్తాను. ఎస్పీ దగ్గరా కదలకపోతే ప్రత్యేక కోర్టులో నేరుగా ఫిర్యాదు వేయవచ్చు. దర్యాప్తుకు ఆదేశించమని మేజిస్ట్రేటును, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 175(3) కింద అడగవచ్చు, దానికి అఫిడవిట్టు జత చేయాలి. రెండింటికీ ఆ పచ్చ అట్టే ఆధారం.

స్టేషనులో ఎదురయ్యే మాటలకు జవాబులు కంఠతా పట్టి ఉంచుకోండి. "మా పరిధి కాదు" అంటే, 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న ఈ సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషనులోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలి. "ముందు ప్రాథమిక విచారణ చేస్తాం" అంటే, ఎఫ్‌ఐఆర్‌కు ముందు అలాంటి విచారణ అక్కరలేదని అట్రాసిటీ చట్టంలోని 18ఏ సెక్షన్ చెబుతోంది. దాని వెనుక పెద్ద కథ ఉంది. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు మహాజన్ కేసులో ముందస్తు విచారణ, అరెస్టుకు అనుమతి అంటూ షరతులు పెట్టింది. దేశమంతా బంద్ జరిగింది. అదే ఏడాది పార్లమెంటు 18ఏ తెచ్చింది, 2019 అక్టోబరులో కోర్టే ఆ ఆదేశాలను వెనక్కి తీసుకుంది, 2020 ఫిబ్రవరిలో 18ఏ చెల్లుతుందని తేల్చింది. ఇంత జరిగినా "విచారణ చేసి చూస్తాం" అన్న మాట కొన్ని బల్లల వెనుక నుంచి ఇప్పటికీ వినిపిస్తుంది. కావాలని విధి నిర్వహించని అధికారికి, ఆయన ఎస్సీ, ఎస్టీ కాకపోతే, నాలుగో సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష ఉంది. ఆ మాట మొదటి రోజే అనకండి. మొదటి రోజు కాపీ అడగండి, చాలు.

డబ్బు లేదని వకీలు దగ్గరికి వెళ్లడం మానకండి. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది, ఫోను 15100. అట్రాసిటీల మీద ఫిర్యాదుకు జాతీయ సహాయవాణి 14566.

దర్యాప్తు, డబ్బు, రాజీ

ఈ కేసు దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే చేయాలి. ఆయన స్థలం చూడటానికి వచ్చే రోజు మీరు అక్కడ ఉండండి. స్కెచ్ గీస్తారు. గోడ ఎత్తు, పొయ్యి నుంచి కొట్టుకు దూరం అందులో పడేలా వినయంగా గుర్తు చేయండి. ఎవరైనా వీడియో తీసి ఉంటే అది మొదట ఏ ఫోనులో తీశారో ఆ ఫోను జాగ్రత్త చేయండి. వాట్సాప్‌లో పది చేతులు మారిన వీడియోకు విలువ తగ్గుతుంది. కోర్టులో పెట్టాలంటే అది ఏ ఫోనులోదో ధ్రువీకరిస్తూ కొత్త సాక్ష్య చట్టంలోని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. చార్జిషీటు 60 రోజుల్లో వేయాలి. దాటితే కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకోసారి కూర్చునే జిల్లా నిఘా, పర్యవేక్షణ కమిటీకి రాయండి.

నిందితులను అరెస్టు చేయకుండా నోటీసు ఇచ్చి పంపితే కేసు పోయిందనుకోకండి. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకు అలా చేయడం మామూలే. అట్రాసిటీ చట్టం సెక్షన్ 18 వల్ల ముందస్తు బెయిలు సాధారణంగా రాదు, ఫిర్యాదులో పైకి నేరమే కనబడకపోతే తప్ప. ఇక్కడా మళ్లీ మొదటి కాగితమే! మామూలు బెయిలు పిటిషన్ వేసినప్పుడు మీకు నోటీసు రావాలి, మీ మాట వినాలి. 15ఏ సెక్షన్ ఇచ్చిన ఈ హక్కు తప్పనిసరి అని 2021 అక్టోబరులో హరిరాం భాంభీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు లేకుండా బెయిలు ఇస్తే హైకోర్టుకు వెళ్లవచ్చు.

తిట్టు, అవమానం కేసుల్లో బాధితులకు ప్రభుత్వం ఇచ్చే సహాయం లక్ష రూపాయలు. 25 వేలు ఎఫ్‌ఐఆర్ దగ్గర, 50 వేలు చార్జిషీటు కోర్టుకు చేరాక, మిగతా 25 వేలు శిక్ష పడ్డాక. ఇది దానం కాదు, నియమాల్లో రాసి ఉన్న లెక్క. "డబ్బు కోసం కేసు పెట్టింది" అని క్రాస్‌లో అంటారు. "ప్రభుత్వం ఇచ్చింది, తీసుకున్నాను" అనండి. అంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు.

ఎదురు కేసు వస్తుంది. బియ్యం తన్నిన ఇద్దరిలో ఒకరు, ఆమె గరిటెతో కొట్టిందని కేసు పెట్టాడు. అది మామూలు ఎత్తుగడ, రాజీ బేరానికి బయానా. బేరం కూడా వచ్చింది, పెద్దమనుషులతో, అరటిపళ్ళతో. రాజీ పడాలా వద్దా అన్నది నేను చెప్పను. ఊళ్లో రేపు నీళ్లు తెచ్చుకోవలసింది ఆమె, నేను కాదు. చట్టం ప్రకారం మాత్రం ఇది స్టేషనులోనో, రచ్చబండ దగ్గరో మాఫీ చేసుకునే కేసు కాదు. ఊరి వెలివేత, పనికి పిలవకపోవడం వంటి బెదిరింపులు వస్తే అవి విడిగా నేరమే, 3(1)(జడ్‌సి). అవీ తేదీలు రాసుకోండి. ఆమె ఇంటి గోడ మీది పాల లెక్క క్యాలెండరులోనే రాసుకుంది, పాలకు సున్నాలు, బెదిరింపులకు ఇంటూలు.

బోనులో

ప్రభుత్వం తరఫున ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉంటారు. వారి ఫైలులో మీ కేసు నలభయ్యోది కావచ్చు. సాక్ష్యానికి ముందు రోజు వెళ్లి కలవండి. మీ వాంగ్మూలం కాపీ చదివించుకోండి. ఘటన జరిగిన చోటికి ఇంకోసారి వెళ్లి నిలబడండి. ఇది చిలకపలుకులు నేర్చుకోవడం కాదు, రెండేళ్ల కిందటి ఉదయాన్ని మళ్లీ కళ్లకు కట్టించుకోవడం. ఒక సీనియర్ వకీలును పెట్టమని కలెక్టరును అడిగే వీలు కూడా నియమాల్లో ఉంది.

సాక్షులను కోర్టుకు తేవడం సగం యుద్ధం. కిరాణా కొట్టాయన ఒకరోజు కొట్టు మూయాలి. పదకొండో నియమం కింద సాక్షులకు, తోడు వచ్చినవారికి ప్రయాణ ఖర్చు, ఆ రోజు కూలి, భత్యం ఇవ్వాలి. అడగనిదే ఎవరూ ఇవ్వరు. టికెట్లు దాచండి.

ఆమె సాక్ష్యం రోజు నేను వెనుక బెంచీ మీద ఉన్నాను. ప్రాసిక్యూటర్ "ఏమన్నారు?" అని అడిగారు. ఆమె చెప్పింది, ఈసారి తల దించకుండా. టైపిస్టు వేళ్లు ఆగాయి. జడ్జి గారు అటు చూడకుండానే "ఉన్నది ఉన్నట్లు కొట్టమ్మా" అన్నారు. కీబోర్డు మళ్లీ కదిలింది.

అవతలి వకీలు లేచారు. ఆయన మంచి వకీలే. గోడ దగ్గరికే వచ్చారు. "బడికి ప్రహరీ గోడ ఉందా లేదా?"

"ఉందండి."

"అంటే రోడ్డు మీద వాళ్లకు లోపల జరిగేది కనబడదు."

"కనబడుతుందండి."

"గోడ ఎంత ఎత్తు?"

"మేక దూకేంత."

కోర్టులో ఎవరో నవ్వారు. జడ్జి గారు నవ్వలేదు, చేత్తో చూపించమన్నారు, సుమారు రెండు అడుగులని రాయించారు. డీఎస్పీ గారి స్కెచ్‌లోనూ రెండు అడుగులే. ఈ సరిపోలికకే రెండేళ్ల కిందట ఆమెను అంత వేధించి అడిగాను.

బోనులో తెలియనిది తెలియదనండి. మీటర్లు రాకపోతే "ఇక్కడి నుంచి ఆ తలుపు దాకా" అనండి. కోపం వస్తే నీళ్లు అడగండి. మీకు అర్థం కాని ఇంగ్లీషు మాట వస్తే తెలుగులో చెప్పమనండి, జడ్జి చెప్పిస్తారు.

ప్రాసిక్యూషన్ అడగని ప్రశ్న ఎంత నష్టం చేస్తుందో కర్నూలు జిల్లా కేసు ఒకటి చూపిస్తుంది. 2011లో కళ్లు కనబడని ఒక దళిత యువతి మీద అత్యాచారం జరిగింది. కింది కోర్టు, హైకోర్టు అట్రాసిటీ చట్టం కింద కూడా శిక్ష వేశాయి. 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అత్యాచారానికి వేసిన యావజ్జీవ శిక్షను ఉంచి, అట్రాసిటీ శిక్షను మాత్రం తీసేసింది. కులం, ఆడపుట్టుక, వైకల్యం మూడూ కలిసి ఒక మనిషిని ఎలా నలుపుతాయో ఆ తీర్పు ఎంతో బాగా చెప్పింది. చెప్పి, కులం కారణంగానే ఈ నేరం చేశాడనడానికి రికార్డులో విడిగా సాక్ష్యం లేదంది. ఆ కేసులో పెట్టిన అట్రాసిటీ సెక్షన్‌లో "కులం కారణంగా" అన్న మాట 2016 జనవరి 26 నుంచి "కులం తెలిసి" అని మారింది. ఆ యువతి కేసు అంతకు ముందుది. చట్టం ఇప్పుడు కొంత తేలికైంది, కానీ తెలుసునన్న సంగతి అయినా రికార్డులోకి ఎక్కాలి.

ఎన్నాళ్లు

చార్జిషీటు వేసిన రెండు నెలల్లో వీలైనంత వరకు తేల్చాలని పద్నాలుగో సెక్షన్. తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో దళితుల శిరోముండనం 1996 డిసెంబరు 29న జరిగితే విశాఖపట్నం కోర్టు తీర్పు 2024 ఏప్రిల్ 16న వచ్చింది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపితే, ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు, ఎవరు ఎప్పుడు ఎక్కడ చంపారన్నది రుజువు కాలేదని అందరినీ వదిలేసింది. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ప్రతి వాయిదాకూ ఇంట్లో అందరూ పనులు మానుకుని రాకండి. సాక్ష్యం ఉన్న రోజు తప్పక రండి, మిగతా వాయిదాలకు నాలాంటి గుమాస్తాకు ఒక ఫోను చాలు.

కేసు కొట్టేస్తే అది అబద్ధపు కేసని అర్థం కాదు, రుజువు చాలలేదని అర్థం. తీర్పు మీద 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలుకు వెళ్లాలి. తీర్పు వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి, పండగ సెలవుల్లో రోజులు కరిగిపోతాయి.

ఆమె కేసులో ఇప్పటికి ముగ్గురు సాక్షులు అయ్యారు. కిరాణా కొట్టాయన మాట మార్చాడు, గిన్నె పడిన చప్పుడు విన్నాను గాని మాట వినలేదన్నాడు. సహాయకురాలు నిలబడింది. మిగిలింది టీచరు గారు, వేరే మండలానికి బదిలీ అయ్యారు, సమన్లు అందాయి. వచ్చే నెల 3న వాయిదా. ఈసారైనా బస్సు టికెట్లు పారేయవద్దని చెప్పడానికి ఈ ఉదయం ఆమెకు ఫోను చేశాను. బడిలో ఉంది. పప్పు అడుగంటుతోందని పెట్టేసింది.